నడుము నిలబడితేనే మనం నిలబడేది

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మా సంఘం జరిపిన యువజన సదస్సులో, మన కొండ ప్రాంతానికే చెందిన ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మీరంతా థింసా ఆడుతుంటే నేను ఆ చెట్టు కింద నిలబడి చూశాను. తుడుము, డప్పు మోగుతుంటే, మోరి పాడుతుంటే ఎవరికైనా కాలు ఆగదు. వరుసలో ఒక పెద్దమ్మ కూడా ఉంది. రెండు చుట్లు ఆడింది. మూడో చుట్టులో పక్కనున్న అమ్మాయి వీపు వెనక నుంచి చెయ్యి తీసేసుకుని, నడుం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆటకు మనసుంది నాయనా, నడుం లేదు" అంది. ఆ మాట ఆవిడ నవ్వుతూనే అంది కానీ, నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆవిడ లేచి వెళ్లిన పది నిమిషాలకి ముగ్గురు కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నన్ను పక్కకు పిలిచారు. ఒకరు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నారు, 1600 మీటర్ల పరుగు సాధనలో నడుం పట్టేస్తోంది. ఒకరు విశాఖలో భవనాల పనికి వెళ్లి సిమెంటు బస్తాలు మోస్తున్నారు, పిరుదు నుంచి పిక్క దాకా లాగేస్తోంది. ఒకరు హాస్టల్లో రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చుని చదువుతున్నారు. ముగ్గురికీ 25 ఏళ్లు లేవు. అందుకే సంఘం వాళ్లు "ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పండి" అంటే నేను నడుమునే ఎంచుకున్నాను.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో సుమారు 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. కానీ ఆఫీసులో పనిచేసేవాడికి నడుం పడితే సెలవు పెడతాడు. మనకు నడుం పడితే కాఫీ గింజ చెట్టు మీదే ఎండిపోతుంది. పసుపు భూమిలోనే ఉండిపోతుంది. మా ఇంట్లో అదే జరిగింది.

మా నాన్న కథ

మా నాన్న కాఫీ పండు బస్తాలు కొండ మీద నుంచి రోడ్డు దాకా మోసేవాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఉదయం వంగి బస్తా ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు. ఎడమ కాలు పిక్క దాకా మంట. సంతలో ఒకాయన ఇంజెక్షన్లు వేశాడు. ఇంకొకాయన బెల్టు కట్టమన్నాడు. అందరూ కలిసి ఒకటే మాట చెప్పారు: "కదలకు, పడుకో." మా నాన్న మూడు నెలలు పడుకున్నాడు. లేచేసరికి తొడలు కర్రల్లా అయిపోయాయి. పొలం కౌలుకిచ్చేశాం. నా చదువు ఆగిపోయేదే, మా అమ్మ పట్టుబట్టింది కాబట్టి సాగింది.

చివరికి పట్నంలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ఒక మేడం ఆయన చేత నేల మీద నాలుగు వ్యాయామాలు చేయించింది. మందు ఏమీ ఇవ్వలేదు. మా నాన్నకు కోపం వచ్చింది. "ఇంత దూరం వచ్చింది పడుకుని కాలెత్తడానికా?" అన్నాడు. కానీ చేశాడు. ఐదారు వారాలకు సంతకు నడిచి వెళ్లాడు. నేను ఈ చదువు ఎంచుకోవడానికి కారణం ఆ నాలుగు వ్యాయామాలే.

కోర్ అంటే ఏమిటి?

జిమ్ముకు వెళ్లేవాళ్లు "కోర్, కోర్" అంటుంటారు. పొట్ట మీద పలకలు కనిపించడమే కోర్ అనుకుంటారు. అది కాదు.

మన ఇళ్లలో గింజలు పోసుకునే వెదురు గాదె తెలుసు కదా. చుట్టూ దడి, కింద అడుగు, పైన మూత. నాలుగు వైపులా అల్లిక బిగుతుగా ఉంటేనే అది నిలబడుతుంది. ఒక పక్క అల్లిక వదులైతే బరువంతా ఆ పక్కకే ఒరుగుతుంది. మన నడుము కూడా అంతే. ముందువైపు, పక్కలకు పొట్ట కండరాలు. వెనక వెన్నుపూసలను పట్టుకుని ఉండే చిన్న చిన్న కండరాలు. పైన మూతలా ఊపిరి కండరం, అంటే డయాఫ్రం. కింద అడుగులా కటి కండరాలు. వీటికి తోడు పిరుదుల కండరాలు. ఇవన్నీ కలిపి కోర్. మధ్యలో ఉన్న వెన్నెముకను ఇవే కాపాడతాయి. ఇవి బలహీనమైనా, సమయానికి బిగియకపోయినా బరువంతా డిస్కుల మీద, కీళ్ల మీద పడుతుంది.

ఇప్పుడే ఒకసారి చూడండి. రెండు చేతుల వేళ్లు తుంటి ఎముకకు కాస్త లోపలిగా పొట్ట మీద పెట్టండి. చిన్నగా దగ్గండి. వేళ్ల కింద ఏదో గట్టిపడింది కదా? అదే. ఆ బిగువులో పావు వంతు ఉంచుకుని మామూలుగా ఊపిరి పీల్చడం నేర్చుకోవాలి. పొట్టను లోపలికి లాక్కోవడం కాదు. ఎవరైనా ఆటకు పొట్టలో పొడవబోతే మనం ఎలా బిగిస్తామో, అలా. దీన్ని గుర్తుంచుకోండి, తర్వాత ప్రతి వ్యాయామంలోనూ కావాలి.

నడుములో పుట్టి కాలిలోకి ఎందుకు దిగుతుంది?

వెన్నెముక కింది భాగం నుంచి బయల్దేరిన నరాలు కలిసి పిరుదు వెనక నుంచి తొడ, పిక్క, పాదం దాకా వెళ్తాయి. అదే సయాటిక్ నరం. పూసల మధ్య డిస్క్ ఉబ్బి ఆ నరపు వేరును ఒత్తినా, వాపుతో చిరాకు పెట్టినా, బాధ కాలిలో తెలుస్తుంది. పుండు ఒకచోట, మంట ఒకచోట. అందుకే కాలికి నూనె రాసినంత మాత్రాన అది తగ్గదు.

భయపడకండి. ఇలాంటి కాలు నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే బాగా తగ్గుతుంది. ఉబ్బిన డిస్క్ చాలాసార్లు శరీరంలోనే కుంచించుకుపోతుంది. స్కానింగు కాగితంలో "డిస్క్ అరిగింది" అని రాసి ఉంటే బతుకు అయిపోయిందనుకోవద్దు. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసి చూసిన పరిశోధనలు ఉన్నాయి. 20 ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులో అరుగుదల కనిపించింది, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. జుట్టు నెరవడం లాంటిదే అది.

ముందు ఇది వినండి: నా తప్పు

వ్యాయామాలు చెప్పే ముందు ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా మీ ముందు చెప్పాల్సిందే.

మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, నాలుగేళ్ల కిందట ఫోన్ చేశాడు. "అన్నా, వెన్ను నొప్పి. డోలీ మోసిన దగ్గర్నుంచీ ఉంది" అన్నాడు. నేను చూడకుండా, అడగాల్సినవి అడగకుండా, ఫోన్లోనే వ్యాయామాలు చెప్పేశాను. వాడు శ్రద్ధగా చేశాడు. తగ్గలేదు. పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించుకుంటే వాళ్లూ కండరం పట్టేసిందనే అన్నారు, నొప్పి బిళ్లలు ఇచ్చారు. ఏడు నెలలు గడిచాయి. సాయంత్రం పూట జ్వరం వస్తోందని, ఎనిమిది కిలోలు తగ్గాడని, రాత్రి నొప్పికి నిద్ర లేదని వాడు నాకు చెప్పలేదు. నేను అడగలేదు. రెండు కాళ్లూ పట్టు తప్పిన రోజున ఊళ్లోవాళ్లు వాణ్ణే డోలీలో మోసుకుని దించారు. వెన్నుపూసకు క్షయ, టీబీ. మందులు వాడాడు, టీబీ నయమైంది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మొదటి నెలలోనే పట్టుకుని ఉంటే ఆ కర్ర అవసరం ఉండేది కాదేమో.

అందుకని ఈ గుర్తులు మీ ఫోన్లలో రాసుకోండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామం వద్దు, డాక్టరు దగ్గరికే:

- మూత్రం, మలం మీద పట్టు తప్పడం, లేదా మూత్రం రాకుండా బిగిసిపోవడం. మర్మాంగాల చుట్టూ, కూర్చునే చోట తిమ్మిరి. ఇది ఆ రోజే, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన ప్రమాదం. 108కి ఫోన్ చేయండి.
- పాదం పైకి లేవకపోవడం, చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం, కాలి బలం రోజురోజుకీ తగ్గడం.
- జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి.
- చెట్టు మీద నుంచి, బండి మీద నుంచి పడ్డాక మొదలైన నొప్పి. మిరియాలు కోయడానికి సిల్వర్ ఓక్ చెట్లు ఎక్కేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి. మన సమాజాల్లో సికిల్‌సెల్ రక్తహీనత ఉంది. ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఎముకల్లో తీవ్రమైన నొప్పులు వస్తాయి. తొడ ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతింటే గజ్జల్లో, తొడలో నొప్పి వచ్చి మనిషి కుంటుతాడు. దాన్ని నడుం నొప్పి అనుకుని గెంతించకూడదు. 2023 జూలై 1న సికిల్‌సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది, పరీక్ష ఉచితం. మీలో ఎవరు ఇంకా పరీక్ష చేయించుకోలేదో, ఊరికి వెళ్లగానే ఆశా కార్యకర్తను అడగండి. పెళ్లికి ముందు తెలుసుకోవడం ఇంకా మంచిది.

నాలుగు వ్యాయామాలు

ఇప్పుడు అసలు పని. ఈ తమ్ముడు చాప మీద చేసి చూపిస్తాడు, నేను చెబుతాను. ఇందులో మొదటి మూడింటిని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద చాలా ఏళ్లు పరిశోధన చేసిన స్టువర్ట్ మెగిల్ ప్రచారంలోకి తెచ్చారు. ఏ పరికరమూ అక్కర్లేదు. చాప చాలు.

ఒకటి, తల లేపడం. వెల్లకిలా పడుకోండి. ఒక మోకాలు మడవండి, రెండో కాలు చాపండి. రెండు అరచేతులు నడుం కింద ఉన్న ఖాళీలో పెట్టండి. ఆ ఖాళీ నేలకు అణిగిపోకూడదు. పొట్ట కొద్దిగా బిగించి, తల, భుజాలు మాత్రం నేల నుంచి కాస్త లేపండి. గడ్డం ఛాతీకి ఆనించవద్దు. పది సెకన్లు. దించండి. సగం అయ్యాక కాళ్లు మార్చుకోండి.

రెండు, పక్క వంతెన. పక్కకు తిరిగి మోచేతి మీద ఆనండి, మోకాళ్లు మడిచి ఉంచండి. తుంటిని నేల నుంచి లేపండి. భుజం నుంచి మోకాలి దాకా ఒకే గీతలా ఉండాలి. పది సెకన్లు. రెండో పక్క కూడా. రెండు మూడు వారాల తర్వాత తేలిక అనిపిస్తే కాళ్లు చాపి చేయండి. భుజం నొప్పి ఉన్నవాళ్లు గోడకు మోచెయ్యి ఆనించి నిలబడి చేయవచ్చు.

మూడు, చెయ్యి ఒకటి, కాలు ఒకటి. పసిపిల్లలు పాకేటట్టు చేతులు, మోకాళ్ల మీద ఉండండి. కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపండి. వీపు మీద నీళ్ల చెంబు పెట్టినా ఒలకకూడదు, అంత నిలకడగా. ఎనిమిది సెకన్లు. తర్వాత ఎడమ చెయ్యి, కుడి కాలు. కాలు ఎంత ఎత్తుకు లేచిందన్నది ముఖ్యం కాదు, నడుం కదలకుండా ఉందా లేదా అన్నదే ముఖ్యం. కాలు నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లు మొదట చెయ్యి మాత్రమే చాపండి.

నాలుగు, తుంటి లేపడం. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడవండి. మడమలతో నేలను నొక్కుతూ పిరుదులు బిగించి తుంటిని లేపండి. నడుం విల్లులా వంచవద్దు. ఐదు సెకన్లు ఆపి నెమ్మదిగా దించండి. పది సార్లు. పిరుదులు బలంగా ఉంటే బరువు ఎత్తేటప్పుడు నడుం మీద భారం తగ్గుతుంది.

మొదటి మూడింటినీ ఆరుసార్లు చేసి కాస్త ఆగండి. తర్వాత నాలుగు సార్లు, ఆగండి. తర్వాత రెండు సార్లు. పక్క వంతెన అయితే ఒక్కో పక్కకీ ఆ లెక్క. కండరం అలిసే కొద్దీ లెక్క తగ్గుతుంది, కాబట్టి పద్ధతి చెడదు. మొత్తం పావుగంట, ఇరవై నిమిషాలు. రోజూ. ఊపిరి బిగబట్టకూడదు. ఊపిరి ఆడకపోతే ఎక్కువ బిగించినట్టు.

నొప్పి చెప్పే మాట వినండి

వ్యాయామం చేసేటప్పుడు కాలిలో ఉన్న నొప్పి పిక్క నుంచి తొడకు, తొడ నుంచి పిరుదుకు వెనక్కి ఎక్కుతుంటే, నడుములో కాస్త ఎక్కువైనా, అది మంచి గుర్తు. అదే నొప్పి కిందికి, పాదంలోకి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపేయండి. కండరాలు కాస్త నొయ్యడం సహజం. మర్నాటికి నొప్పి ముందటి కంటే పెరిగిందంటే సగానికి తగ్గించండి.

నిద్ర లేవగానే చేయవద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని బిగుతుగా ఉంటాయి. లేచాక అరగంట, గంట సేపు బాగా వంగడం, వంగి బరువు ఎత్తడం మానండి. మా నాన్న కూలబడింది కూడా తెల్లవారుజామునే. ముందు నాలుగడుగులు నడవండి, అంబలి తాగండి, తర్వాత పని.

పోలీసు, సైన్యం పరీక్షలకు తయారయ్యే తమ్ముళ్లకు: నడుం నొప్పి ఉండగా రోజుకు వంద సిట్‌అప్స్ తీయవద్దు. అందులో వెన్ను పదే పదే వంగి డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. దాని బదులు ఈ నాలుగు చేయండి, చదునైన నేల మీద చురుగ్గా నడవండి. నొప్పి తగ్గాక పరుగు నెమ్మదిగా పెంచండి.

కూర్చుని చదివే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు: అరగంటకోసారి లేవండి. ఎంత మంచి కుర్చీ అయినా, ఎంత నిటారుగా కూర్చున్నా, కదలకపోతే నడుం పడుతుంది.

బరువులు మోసేవాళ్లకు: అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తడానికి 23 కిలోలు హద్దని అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ లెక్క కట్టింది. సిమెంటు బస్తా 50 కిలోలు. అంటే రెండింతల పైనే. కాబట్టి ఇద్దరు పట్టండి. బరువును పొట్టకు దగ్గరగా ఉంచండి. తుంటి దగ్గర వంగండి, నడుం దగ్గర కాదు. బస్తా పట్టుకుని నడుం తిప్పవద్దు, పాదాలు తిప్పండి. డోలీ మోసేటప్పుడు ఒకే భుజం మీద ఉంచకుండా తరచూ భుజం మార్చుకోండి, మోసేవాళ్లు వంతులు వేసుకోండి. ఎత్తే ముందు, ఇందాక దగ్గినప్పుడు తెలిసిన ఆ పొట్ట బిగువు గుర్తు చేసుకోండి. డోలీ మోత మనకు తప్పకూడనిదేమీ కాదు. ప్రతి ఊరికీ రోడ్డు అడగడం కూడా నడుముకు మందే.

నొప్పి బిళ్లల గురించి ఒక మాట. సంతలో దొరికే బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బెల్టును కూడా నమ్ముకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద సూచనలు విడుదల చేసింది. వ్యాయామం చేయించమంది, నడుం బెల్టులు మామూలు చికిత్సగా వద్దంది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెబుతాను. ఈ నాలుగింటిలో మంత్రం ఏమీ లేదు. నడక, ఈత, యోగా, వేరే వ్యాయామాలు కూడా దీర్ఘకాలంలో ఇంచుమించు ఇంతే మేలు చేస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. మేలు చేసేది మానకుండా చేయడమే. వారం చేసి మానేసేవాడికి ఏదీ పనిచేయదు. కనీసం ఆరు వారాలు చేసి, అప్పుడు నాకు చెప్పండి.

ఊరికి తీసుకెళ్లండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ దగ్గర నేను ఒకటే కోరుతున్నాను. ఇవాళ నేర్చుకున్నది మీతోనే ఆగిపోకూడదు. ఊళ్లో ఇద్దరికి నేర్పండి. ఒకరు మీ వయసువాళ్లు, ఒకరు పెద్దవాళ్లు. తెలుగులోనే చెప్పాలని లేదు. ఇంట్లో కువి మాట్లాడితే కువిలో, ఆదివాసీ ఒరియా మాట్లాడితే అందులో చెప్పండి. మన అవ్వకు మన మాటలో చెబితేనే చాప మీద పడుకుంటుంది. నేర్పే ముందు మాత్రం ఆ నాలుగు ప్రమాద గుర్తులు అడగండి. జ్వరం ఉందా, బరువు తగ్గావా, కాలు పట్టు తప్పిందా, మూత్రం సరిగా వస్తోందా. నేను మా తమ్ముణ్ణి అడగని ప్రశ్నలు అవి. మీరు అడగండి.

మన ముత్తాతలు ఏ జిమ్ముకూ వెళ్లలేదు. కొండ ఎక్కారు, దుంప తవ్వారు, రాత్రికి థింసా ఆడారు. పక్కవాళ్ల వీపు వెనక చేతులు కలిపి, వంగుతూ లేస్తూ ఒకే అడుగు వేయాలంటే నడుము, పొట్ట, పిరుదులు అన్నీ పనిచేయాలి. ఆ ఆట పండుగ రోజుకు, వేదికకు మాత్రమే మిగిలిపోతోంది. వారానికి రెండు రోజులు ఊళ్లో మీరే ఆడండి. చూసేవాళ్ల కోసం కాదు, మీ కోసం.

ఇందాకటి పెద్దమ్మ ఇంకా అక్కడే కూర్చుంది. ఆవిడను ముందు కొన్ని ప్రశ్నలు అడిగి, నడక చూసి, తుంటి లేపడం ఒక్కటి నేర్పుతాను. వచ్చే ఏడు ఇదే రోజున మూడో చుట్టు కూడా ఆడిస్తానని మాట ఇవ్వలేను. ప్రయత్నిస్తానని మాట ఇస్తున్నాను. మీరు కూడా మీ ఇంట్లో ఒకరికి ఆ మాట ఇవ్వండి.

 జై ఆదివాసీ.